విద్యానగర నిర్మాత: మదన్ మోహన్ మాలవీయ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఏ పరిస్థితుల్లో ఏర్పడిందో వివరించగలుగుతారు;
- ఒక విద్యాసంస్థను నిర్మించడంలో ఎదురయ్యే కష్టాలను, రాజీలను గుర్తించగలుగుతారు;
- మాలవీయ సాధించినవాటిని, ఆయన మీద వచ్చిన విమర్శలను తూచి చూసి, మీ సొంత అభిప్రాయాన్ని ఏర్పరచుకోగలుగుతారు.

పరిచయం

మీ ఊళ్ళో బడి ఉండే ఉంటుంది. దానికి స్థలం ఎవరిచ్చారు? గదులు ఎవరు కట్టించారు? మొదటి ఉపాధ్యాయుణ్ణి ఎవరు వెతికి తెచ్చారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవాళ్ళు సాధారణంగా ఊరికి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. కట్టడం నిలిచినంతగా కట్టినవాళ్ళ కథ నిలవదు. పేరు మిగిలినా, వాళ్ళు పడిన పాట్లు మరుగున పడిపోతాయి. వందల ఎకరాల్లో ఒక విశ్వవిద్యాలయాన్ని నిర్మించి, ఇరవై ఏళ్ళు నడిపి, ముసలితనంలో దాన్ని మరొకరి చేతికి అప్పగించిన ఒక వ్యక్తి జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. బాల్యం, తొలి ఉద్యోగాలు

మదన్ మోహన్ మాలవీయ 1861 డిసెంబరు 25న అలహాబాదులో పుట్టారు. ఆ నగరాన్ని ప్రస్తుతం ప్రయాగరాజ్ అంటున్నారు. తండ్రి బ్రజ్‌నాథ్ సంస్కృత పండితుడు. భాగవత కథలు చెప్పి, వచ్చిన సంభావనతో పెద్ద కుటుంబాన్ని పోషించేవాడు. ఇంట్లో చదువుకు లోటు లేదు, డబ్బుకే లోటు. బాలుడు మొదట సంస్కృత పాఠశాలల్లోనూ తరువాత ఆంగ్ల పాఠశాలలోనూ చదివి, మ్యూర్ సెంట్రల్ కళాశాలలో చేరాడు. 1884లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి బి.ఎ. పట్టా పొందాడు. అలహాబాదు విశ్వవిద్యాలయం అప్పటికి ఇంకా ఏర్పడలేదు.

ఇంకా చదవాలని ఉన్నా, ఇంటి పరిస్థితి చూసి మాలవీయ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. 1886లో కలకత్తాలో జరిగిన కాంగ్రెస్ రెండవ మహాసభలో ప్రసంగించి పెద్దల దృష్టిలో పడ్డారు. ఆ తరువాత హిందుస్థాన్ అనే హిందీ పత్రికకు సంపాదకుడయ్యారు. న్యాయశాస్త్రం చదివి అలహాబాదు హైకోర్టులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. పంతులు, పత్రికా సంపాదకుడు, వకీలు, రాజకీయ నాయకుడు - ఈ నాలుగు పనుల్లో సంపాదించిన అనుభవమంతా తరువాత విశ్వవిద్యాలయ నిర్మాణంలో ఆయనకు ఉపయోగపడింది.

కాశీకి ముందు అలహాబాదులోనే ఆయన చిన్న ప్రయత్నం ఒకటి చేశారు. పరాయి ఊళ్ళ నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులకు ఉండడానికి చోటు దొరికేది కాదు. మాలవీయ చందాలు పోగుచేసి, 1903లో వారికొక వసతి గృహం కట్టించారు. విద్యార్థి చదువుకు తరగతి గది ఒక్కటే చాలదనీ, తినడానికీ ఉండడానికీ చోటు కూడా కావాలనీ ఆయన గ్రహించారు. తరువాతి రోజుల్లో ఆయన నిర్మించిన ప్రాంగణానికి మూలం ఈ ఆలోచనే.

పాఠగత ప్రశ్నలు
1. మాలవీయ ఉపాధ్యాయ వృత్తిలో ఎందుకు చేరారు?
2. వసతి గృహం కట్టించడం ద్వారా ఆయన గ్రహించిన విషయం ఏమిటి?

2. మూడు పథకాలు, ఒక విశ్వవిద్యాలయం

ఆ కాలంలో మన విశ్వవిద్యాలయాలు చాలావరకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయాలే. పాఠాలు చెప్పే పని వేరువేరు ఊళ్ళలోని కళాశాలలది. ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఒకేచోట కలిసి నివసిస్తూ చదువుకొనే విశ్వవిద్యాలయం కావాలని మాలవీయ భావించారు. సంస్కృత శాస్త్రాలతోపాటు ఆధునిక విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు, వ్యవసాయం, ఆయుర్వేదం కూడా అక్కడ నేర్పాలనుకున్నారు. చదువుకున్నవాడు గుమాస్తా ఉద్యోగానికి మాత్రమే పనికివచ్చే స్థితి మారాలి, దేశంలో పరిశ్రమలు పెరగాలి అన్నది ఆయన ఆశయం. 1905 డిసెంబరులో కాశీలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఈ పథకాన్ని ప్రముఖుల ముందుంచారు.

అయితే ఆలోచన ఆయన ఒక్కరిదే కాదు. అనీ బిసెంట్ 1898లోనే కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించి, దాన్ని విశ్వవిద్యాలయంగా పెంచాలని చూస్తున్నారు. దర్భంగా మహారాజు రామేశ్వర సింగ్‌కు మరో పథకం ఉంది. ముగ్గురూ ఎవరికి వారే ప్రయత్నిస్తే ఏ ఒక్కటీ నెరవేరేది కాదు. 1911లో వారు ఒక అంగీకారానికి వచ్చారు. బిసెంట్ తాను పెంచిన కళాశాలను కొత్త విశ్వవిద్యాలయానికి అప్పగించడానికి ఒప్పుకున్నారు. తన పేరుకన్నా పని ముఖ్యమనుకున్న ఆమె నిర్ణయాన్ని కూడా మనం గుర్తుంచుకోవాలి.

ఇక డబ్బు కావాలి. మాలవీయ బాగా నడుస్తున్న వకీలు వృత్తిని దాదాపుగా వదిలేసి, కోటి రూపాయలు లక్ష్యంగా పెట్టుకొని దేశమంతా తిరిగారు. సంస్థానాధీశుల నుంచి లక్షలు తెచ్చారు. సామాన్యులు ఇచ్చిన చిన్న మొత్తాలను కూడా అంతే ఆదరంతో తీసుకున్నారు. యాచకులలో రాజు అన్న పేరు ఆయనకు అలా వచ్చింది.

1915లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ చట్టం ఆమోదం పొందింది. కాశీ మహారాజు ప్రభు నారాయణ సింగ్ ఉదారంగా సహకరించడంతో, గంగ ఒడ్డున నగరానికి దక్షిణంగా సుమారు 1300 ఎకరాల స్థలం సమకూరింది. 1916 ఫిబ్రవరి 4న వైస్రాయి లార్డ్ హార్డింజ్ శంకుస్థాపన చేశారు.

3. కఠిన ప్రశ్నలు

ఆ ఉత్సవాలలోనే మాలవీయకు ఒక పరీక్ష ఎదురైంది. దక్షిణాఫ్రికా నుంచి అంతకుముందు ఏడాదే తిరిగివచ్చిన గాంధీజీని ప్రసంగించమని ఆహ్వానించారు. వేదిక మీద రత్నాభరణాలు ధరించిన సంస్థానాధీశులున్నారు. దేశంలో ఇంత పేదరికం ఉండగా ఈ ఆడంబరం తగదని గాంధీజీ నిర్మొహమాటంగా చెప్పారు. మాతృభాషను వదిలి ఆంగ్లంలో మాట్లాడవలసి రావడం సిగ్గుచేటన్నారు. సభలో కలకలం రేగింది. బిసెంట్ అడ్డు చెప్పారు, సంస్థానాధీశులు లేచి వెళ్ళారు, సభ మధ్యలోనే ముగిసింది. అలా లేచి వెళ్ళిన ప్రభువుల వంటివారి విరాళాలతోనే విశ్వవిద్యాలయం తయారవుతోంది! అయినా మాలవీయ గాంధీజీతో స్నేహాన్ని వదులుకోలేదు, దాతలను దూరం చేసుకోలేదు.

రెండవ పరీక్ష ఇంకా కఠినమైనది. 1920లో సహాయ నిరాకరణోద్యమం మొదలైంది. ప్రభుత్వ గుర్తింపుతో నడిచే విద్యాసంస్థలను వదిలి రమ్మని గాంధీజీ విద్యార్థులకు పిలుపునిచ్చారు. అప్పటికి మాలవీయ ఉపకులపతి. రెండుసార్లు కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన ఆయన ఏ పక్షాన నిలబడాలి? విద్యాలయాలను ఖాళీ చేయించడం దేశానికి నష్టమని ఆయన నమ్మారు. విద్యార్థులతో మాట్లాడడానికి గాంధీజీని రానిచ్చారు. కానీ తరగతులు మూసివేయడానికి ఒప్పుకోలేదు. ఆచార్య కృపలానీ వంటి అధ్యాపకులు, కొందరు విద్యార్థులు బయటికి వెళ్ళిపోయారు. 1921లో అదే నగరంలో జాతీయ విద్యాసంస్థగా కాశీ విద్యాపీఠం వెలిసింది. లాల్ బహదూర్ శాస్త్రి చదివింది అక్కడే. ఎవరి నిర్ణయం సరైనదో ఒక్క మాటలో తేల్చలేం. చదువును నిలబెట్టడం, చదువును త్యాగం చేయడం - రెండూ దేశం కోసమే అని నమ్మినవారి మధ్య వచ్చిన భేదం అది.

విశ్వవిద్యాలయాన్ని కాపాడుకోవాలన్న పట్టుదల మాలవీయను ఉద్యమానికి పూర్తిగా దూరం చేయలేదు. 1922లో చౌరీచౌరాలో పోలీసులు సజీవ దహనమైన సంఘటన తరువాత, సెషన్సు కోర్టు 172 మందికి మరణశిక్ష వేసింది. వకీలు వృత్తిని ఎప్పుడో వదిలిన మాలవీయ మళ్ళీ నల్లకోటు వేసుకొని హైకోర్టులో వారి తరఫున వాదించారు. చివరికి 19 మందికి మాత్రమే ఉరిశిక్ష ఖాయమైంది. తరువాత శాసనోల్లంఘన కాలంలో ఆయన జైలుకూ వెళ్ళారు.

పాఠగత ప్రశ్నలు
3. అనీ బిసెంట్ సహకారం విశ్వవిద్యాలయ స్థాపనకు ఎలా తోడ్పడింది?
4. 1920-21లో మాలవీయ, గాంధీజీల మధ్య వచ్చిన అభిప్రాయ భేదం ఏమిటి?

4. ప్రాంగణం పెరిగిన తీరు

మాలవీయ 1919లో ఉపకులపతి బాధ్యత స్వీకరించారు. ఆయనకు ముందు సర్ సుందర్ లాల్, పి.ఎస్. శివస్వామి అయ్యర్ ఆ పదవిలో ఉన్నారు. తొలి సంవత్సరాల్లో తరగతులు పాత సెంట్రల్ హిందూ కళాశాల భవనాల్లోనే జరిగేవి. కొత్త స్థలంలో పొలాలు, గ్రామాలు, ఎత్తుపల్లాలు మాత్రమే ఉన్నాయి.

ప్రాంగణాన్ని అర్ధచంద్రాకారంలో రూపొందించారు. వరుసవరుసలుగా వంపు తిరిగిన రోడ్ల వెంట ఒక వరుసలో కళాశాలలు, మరొక వరుసలో వసతి గృహాలు, వాటి వెనుక అధ్యాపకుల ఇళ్ళు. రోడ్లకు రెండు వైపులా చెట్లు నాటించారు. విద్యార్థి నడిచి తరగతికి వెళ్ళగలడు, సాయంత్రం అధ్యాపకుడి ఇంటి తలుపు తట్టగలడు. అలహాబాదు వసతి గృహం నాటి ఆలోచన ఇక్కడ ఒక నగరంగా విస్తరించింది.

భవనాలతో పాటే కొత్త చదువులూ వచ్చాయి. 1919లో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. తరువాత గనుల తవ్వకం, లోహశాస్త్రం వంటి విషయాలు మొదలయ్యాయి. 1929లో మహిళా కళాశాల ఏర్పడింది. 1932లో ఔషధ నిర్మాణశాస్త్ర బోధన ఆరంభమైంది. మన దేశంలో ఈ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయ స్థాయిలో నేర్పడం ఇక్కడే మొదలైంది.

మంచి అధ్యాపకులు లేకపోతే భవనాలు ఉత్త గోడలే. గణితంలో గణేశ్ ప్రసాద్, చరిత్రలో జదునాథ్ సర్కార్, వృక్షశాస్త్రంలో బీర్బల్ సాహ్నీ, రసాయనశాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్, హిందీలో శ్యామసుందర్ దాస్ అక్కడ పనిచేశారు. వీరిలో కొందరు కొద్దికాలమే ఉన్నారు. అయినా కొత్త సంస్థకు తొలినాళ్ళలోనే ఇలాంటివారు దొరకడం గొప్ప బలం. నేటికీ అక్కడ పాడే విశ్వవిద్యాలయ గీతాన్ని రాసింది రసాయన శాస్త్రవేత్త భట్నాగరే!

లోపాలు లేవా? ఉన్నాయి. ఆదాయానికి మించి నిర్మాణాలు సాగడంతో సంస్థ అప్పుల పాలైంది. మాతృభాషలో బోధన జరగాలని మొదట ఆశించినా, ఆంగ్లమే బోధనా భాషగా నిలిచింది. చదువుకొనే అవకాశం అన్ని మతాలవారికీ ఉన్నా, పాలక సభలో సభ్యత్వాన్ని 1915 చట్టం హిందువులకే పరిమితం చేసింది. ఆ నిబంధనను స్వతంత్ర భారత పార్లమెంటు 1951లో తొలగించింది. మాలవీయ హిందూ మహాసభ నాయకులలో ఒకరు. ఆచార వ్యవహారాల్లో ఛాందసుడన్న విమర్శ ఆయన మీద ఉంది. అదే మాలవీయ అస్పృశ్యతను ఖండించి, 1932 పూనా ఒప్పందం కుదరడానికి పాటుపడ్డారు. ఒక మనిషిలో ఈ రెండూ ఉండడం మనకు వింతగా తోచవచ్చు. చరిత్రలోని వ్యక్తులను చదివేటప్పుడు రెంటినీ చూడడం అవసరం.

5. బాధ్యత అప్పగింత

1939 నాటికి మాలవీయ వయసు 77. ఆరోగ్యం దెబ్బతిన్నది. తాను కట్టినదాన్ని వదలలేక చివరిదాకా పట్టుకొని కూర్చునేవారు ఎందరో ఉంటారు. ఆయన అలా చేయలేదు. తగిన వారసుణ్ణి వెతికారు. ఆయన దృష్టి సర్వేపల్లి రాధాకృష్ణన్ మీద పడింది. రాధాకృష్ణన్ అప్పటికే 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన అనుభవశాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులుగా ఉన్న ఆయనను ఒప్పించి, మాలవీయ పదవి నుంచి తప్పుకున్నారు. రాధాకృష్ణన్ 1948 దాకా ఆ బాధ్యత నిర్వహించారు. ఆంధ్ర దేశం నుంచి వెళ్ళి కాశీలో చదువుకున్నవారిలో చండ్ర రాజేశ్వరరావు, తరిమెల నాగిరెడ్డి ఉన్నారు. వారిద్దరూ కమ్యూనిస్టు నాయకులయ్యారు. విద్యాలయం తెరిచేది తలుపులే. లోపలికి వచ్చినవారు ఎటు వెళ్ళాలన్నది వారే నిర్ణయించుకుంటారు.

1942 జనవరిలో రజతోత్సవానికి గాంధీజీ మళ్ళీ వచ్చారు. పాతికేళ్ళు గడిచినా ఇక్కడ ఆంగ్లం పెత్తనమే సాగుతోందని మళ్ళీ అసంతృప్తి ప్రకటించారు. వృద్ధుడైన మాలవీయను మాత్రం ఎప్పటిలాగే పెద్దన్నగా గౌరవించారు.

మాలవీయ 1946 నవంబరు 12న కన్నుమూశారు. స్వాతంత్ర్యాన్ని చూడడానికి ఆయనకు తొమ్మిది నెలలు తక్కువయ్యాయి. 2014లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించింది. ఆయన కాలంలో మొదలైన ఇంజనీరింగు, లోహశాస్త్ర, సాంకేతిక విభాగాలు 1968లో ఒకే సంస్థగా కలిశాయి. ఆ సంస్థ 2012లో ఐ.ఐ.టి. హోదా పొందింది. ఆయన నాటిన మొక్క ఆయన ఊహించని కొమ్మలు కూడా వేసిందన్నమాట.

సారాంశం

మాలవీయ పేద కుటుంబంలో పుట్టి, ఉపాధ్యాయుడిగా జీవితం ఆరంభించి, దేశం నలుమూలలా విరాళాలు సేకరించి కాశీ హిందూ విశ్వవిద్యాలయాన్ని నిర్మించారు. బిసెంట్, దర్భంగా మహారాజు, కాశీ మహారాజు వంటివారి సహకారం పొందారు. విద్యాలయాన్ని నిలబెట్టడానికి కొన్ని రాజీలు చేశారు, విమర్శలు ఎదుర్కొన్నారు. సమయం వచ్చినప్పుడు సమర్థుడికి బాధ్యత అప్పగించి తప్పుకున్నారు.

ముగింపు ప్రశ్నలు

1. ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఒకేచోట నివసించే విశ్వవిద్యాలయం ఎందుకు కావాలని మాలవీయ భావించారు? ప్రాంగణ నిర్మాణంలో అది ఎలా కనిపిస్తుంది?
2. 1921లో మీరు కాశీలో విద్యార్థిగా ఉండి ఉంటే తరగతిలో ఉండేవారా, బయటికి వచ్చేవారా? కారణాలతో ఒక పేజీ రాయండి.
3. మీ ఊరి బడి లేదా గ్రంథాలయం ఎలా ఏర్పడిందో పెద్దలను అడిగి తెలుసుకోండి. స్థలం, డబ్బు, శ్రమ ఎవరెవరు ఇచ్చారో రాసి, మీ అధ్యయన కేంద్రంలో తోటివారికి చదివి వినిపించండి.