పోరు మొదలు పెట్టమన్నదీ ఆయనే, ఆపమన్నదీ ఆయనే
రావి నారాయణరెడ్డి జీవితంలో రెండు భాగాలు

సూర్యాపేట: చే గువేరా జీవితాన్ని అమెరికా దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్ 2008లో రెండు భాగాల సినిమాగా తీశారు. మొదటి భాగం క్యూబాలో గెలుపు. రెండో భాగం బొలీవియా అడవుల్లో ఓటమి, మరణం. క్యూబాలో రైతులు గెరిల్లాల వెంట నడిచారు, బొలీవియాలో నడవలేదు. తేడా అక్కడే వచ్చింది.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లా నాయకుడు రావి నారాయణరెడ్డి జీవితం కూడా ఇలాంటి రెండు భాగాల కథే. మొదటి భాగం మన ఊళ్ళలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. రెండో భాగం చెప్పేవారు తక్కువ. అయితే ఆయన ధైర్యం ఎక్కువగా కనిపించేది ఆ రెండో భాగంలోనే.

ఆయన 1908 జూన్‌లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబంలో పుట్టారు. హైదరాబాద్‌లో చదువుకుంటూ 1930లో ఉప్పు సత్యాగ్రహానికి కాకినాడ వెళ్ళారు. తిరిగి వచ్చి హరిజన సేవక సంఘం పనిలో దిగారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు పోయారు. మరుసటి ఏడాది కమ్యూనిస్టు పార్టీలో చేరారు. తన వాటా భూమిలో వందల ఎకరాలు పేదలకు పంచారు.

మన ప్రాంతంతో ఆయన అనుబంధానికి ముఖ్యమైన గుర్తు చిలుకూరు. కోదాడ దగ్గరి ఈ ఊళ్ళో 1941లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1930లో జోగిపేటలో మొదటి సభ జరిగినప్పటి నుంచి మహాసభ ఎక్కువగా తెలుగు భాష, బడులు, గ్రంథాలయాల గురించి మాట్లాడేది. అది చదువుకున్నవారి సంస్థగా ఉండేది. నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి వంటి యువకుల చేతుల్లోకి వచ్చాక అది వెట్టి, బేదఖళ్ళు, అక్రమ వసూళ్ళ మీద పోరాడే రైతుల సంఘంగా మారింది. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గింది. దాంతో జీతగాడు కూడా చీటీ తీసుకోగలిగాడు. 1944 భువనగిరి సభలో ఆయన మళ్ళీ అధ్యక్షులయ్యారు. మితవాదులు విడిపోయారు. సంఘం ఊరూరా పాకింది.

అప్పటి పరిస్థితి పాతతరానికి చెప్పనక్కరలేదు. ఎర్రపహాడ్ దేశముఖ్ కుటుంబం చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవని ఉద్యమ నాయకులు రాశారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల అందరూ దొరకు కూలి లేని పని చేయాలి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. అప్పటి నుంచి పల్లెలు వడిసెలలు, గుతపలు పట్టాయి. పాత సూర్యాపేట, బాలెముల వంటి ఊళ్ళు పోలీసులను ఎదిరించాయి. 1947 సెప్టెంబర్ 11న నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఉద్యమ నాయకుల లెక్క ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో సంఘం పాలన నడిచింది. 10 లక్షల ఎకరాలు పంచారు. 4 వేల మంది ప్రాణాలర్పించారు.

ఇదీ మొదటి భాగం.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయారు. రజాకార్ల పీడ వదిలింది. కానీ సైన్యం దళాల కోసం ఊళ్ళను గాలించడం మొదలుపెట్టింది. అప్పుడు పార్టీ ముందు కఠినమైన ప్రశ్న నిలిచింది. తుపాకీ దించాలా, వద్దా?

దించరాదన్నవారి వాదన తేలికగా తీసివేయదగినది కాదు. గడీలు వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే తిరిగి వస్తున్నారు. ఆయుధం లేకపోతే రైతుకు దక్కిన చెలక మళ్ళీ పోతుందని వారు భయపడ్డారు. చాలా ఊళ్ళలో ఆ భయం నిజమైంది కూడా.

నారాయణరెడ్డి వాదన వేరు. జనం ఆయుధం పట్టింది నిజాం, రజాకార్లు, దొరల మీద. నిజాం పోయాక సామాన్య రైతుకు యుద్ధం మీద మనసు లేదు. జనం వెంట లేకుండా దళాలు అడవుల్లో మిగిలితే చచ్చేది పేదల బిడ్డలేనని ఆయన అభిప్రాయపడ్డారు. ఈ మాట ఆయన గుట్టుగా ఉంచలేదు. బొంబాయి చేరి పోరాటం ఆపాలని బాహాటంగా రాశారు. నిన్నటిదాకా వెంట నడిచిన సహచరులే ఆయనను తప్పుబట్టారు. పిలుపునిచ్చిన మనిషే వెనక్కి తగ్గాడన్న నింద మోశారు. 1951 మొదట్లో పార్టీ అగ్రనాయకులు మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో సైతం చర్చించారు. చివరకు 1951 అక్టోబర్ 21న పోరాటాన్ని విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది. ఆపాలని ఆయన అన్ననాటికీ, ఆపిన నాటికీ మధ్య ఎన్నో ప్రాణాలు పోయాయి.

కొద్ది నెలలకే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీపై నిషేధం ఉన్నందున వారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరిట పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. ప్రధాని నెహ్రూకు వచ్చినవి 2 లక్షల 33 వేల పైచిలుకు. దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఓట్లు మన జిల్లా మనిషికే. ఇద్దరివీ ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునే స్థానాలే కనుక పోలిక సరైనదే. పిలుపు మీద సంతకం చేసిన మఖ్దూం కూడా అదే ఏడాది హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్ళారు. తుపాకీ దించినందుకు జనం వారిని విడిచిపెట్టలేదని ఈ ఓట్లు తేల్చాయి.

పోరాటం వృథా కాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఎందరో కౌలుదారుల ఇళ్ళలో భద్రంగా దాచుకున్న 38ఇ సర్టిఫికెట్లు ఆ చట్టం కింద ఇచ్చినవే. కొమరయ్య నెత్తురు లేనిదే ఆ కాగితం లేదు. అయితే అది సర్కారు ముద్రతో చేతికి రావడానికి చట్టసభ కూడా కావలసి వచ్చింది.

నారాయణరెడ్డి 1957లో భువనగిరి నుంచి శాసనసభకు, 1962లో నల్లగొండ నుంచి మళ్ళీ లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐలోనే ఉన్నారు. పోరాట అనుభవాలను పుస్తకంగా రాశారు. 1991 సెప్టెంబర్ 7న కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

మన పల్లెల్లో అమరుల స్తూపాలు ఉన్నాయి. అవి మొదటి భాగాన్ని గుర్తు చేస్తాయి. రెండో భాగానికి స్తూపం లేదు. పదిమంది ఒక దారిన పోతున్నప్పుడు, ఆ దారి చూపినవాడే ఆగి ఇది ఇక చాలని చెప్పడం తేలిక కాదు. ఆ మాట సరైనదా కాదా అన్న చర్చ ఇప్పటికీ ఉంది, ఉండవలసిందే. ఆయన కథను తెర మీద చూపినా, రచ్చబండ మీద చెప్పినా రెండు భాగాలూ చెబితేనే మన పిల్లలకు ఆ మనిషి పూర్తిగా తెలుస్తారు.