హైదరాబాద్ నగర పునర్నిర్మాణంలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య
(సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్ పరిసరాలలో పేటలకు పేటలే కొట్టుకొనిపోయాయి. ఇటువంటి విపత్తు పునరావృతం కాకుండా నగరాన్ని తీర్చిదిద్దే మార్గం సూచించవలసిందిగా నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన ఇంజనీరే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం; ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులై, పుణేలో ఇంజనీరింగ్ అభ్యసించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు. సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా, పుణే సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి స్వయంచాలిత వరద తలుపులు ఆయనకు పేరు తెచ్చిన పనులు. బొంబాయి ప్రభుత్వ సేవ నుంచి వైదొలగి విదేశాలలో పర్యటిస్తున్న సమయంలో హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది.

1909లో నగరానికి చేరుకొన్న విశ్వేశ్వరయ్య నది ఒడ్డున కరకట్టలు ఎత్తుచేయడంతో సరిపెట్టలేదు. ముందుగా ఎగువ పరీవాహక ప్రాంతంలోని వర్షపాతం, చెరువుల స్థితిగతులు పరిశీలింపజేశారు. అక్కడి వందలాది చెరువులలో రెండు వందలకు పైగా ఒక్కసారిగా తెగడం వల్ల వరద తీవ్రత పెరిగిందని తేలింది. నగరం మధ్యనున్న నదీగర్భం భరించగల ప్రవాహం ఎంతో లెక్కగట్టి, అంతకు మించిన నీటిని ఎగువనే నిలిపి, క్రమంగా వదలాలని నిర్ణయించారు. ఇందుకై మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై మరొకటి జలాశయాలు నిర్మించాలని అదే సంవత్సరం నివేదిక సమర్పించారు. వరదను ఆపే ఆ జలాశయాలే నగరానికి మంచినీటిని కూడా అందించగలగడం ఈ పథకంలోని విశిష్టత.

ఈ రెండు జలాశయాలను ఆయనే నిర్మించారని తరచూ వింటుంటాము. వాస్తవానికి ఆయనది పథక రచన. నిర్మాణం ఇతర ఇంజనీర్ల చేతుల మీదుగా సాగింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912 నుంచి 1918 వరకు విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా ఉన్నారు. ఇందువల్ల ఆయన కీర్తికి లోటేమీ లేదు. వ్యక్తి అక్కడ లేకపోయినా కొనసాగగల ప్రణాళికను ఇవ్వడం సామాన్యమైన విషయం కాదు.

వరద నివారణతోనే పని ముగిసిందని ఆయన భావించలేదు. మురుగునీరు వీధులలో నిలిచే నగరం ఆరోగ్యంగా ఉండజాలదన్నది ఆయన అభిప్రాయం. నదీతీరాన్ని ఉద్యానవనాలతో, విశాలమైన మార్గాలతో తీర్చిదిద్దాలని, మురుగునీటి పారుదలకు శాస్త్రీయమైన ఏర్పాట్లు చేయాలని సూచించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు బస్తీల తొలగింపు, రహదారుల విస్తరణ, గృహనిర్మాణం చేపట్టింది. మురుగు కాలువల పని మాత్రం వెనుకబడింది. 1922లో ఆయన ఈ పని నిమిత్తం తిరిగి హైదరాబాద్ రావలసి వచ్చింది. జలాశయాలకు లభించిన ప్రాధాన్యం భూమిలో కనిపించకుండా సాగే కాలువలకు లభించలేదనడం అతిశయోక్తి కాదు.

ఆ పథకం నదికి ఎగువ నుంచి వచ్చే వరదను ఉద్దేశించినది. అనంతర కాలంలో విస్తరించిన కాలనీలకు ముప్పు వేరే దిక్కు నుంచి వచ్చింది. 2020 అక్టోబరు వర్షాలకు పాతబస్తీ పరిసరాలలో చెరువుల కట్టలు తెగి, అనేక నివాస ప్రాంతాలు నీట మునిగాయి. చెరువుల కట్టల పటిష్ఠత గురించి 1909లో జరిగిన పరిశీలనను నీటిపారుదల, పురపాలక అధికారులు నేటికీ తిరిగి చదువదగును.

1955లో భారత ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను భారతరత్నతో సత్కరించింది. నూరేళ్లు నిండిన అనంతరం 1962 ఏప్రిల్‌లో ఆయన బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు స్వగ్రామం ముద్దెనహళ్లిలో జరిగాయి. హైదరాబాద్ ఖైరతాబాద్ కూడలిలో ఆయన విగ్రహం ఉంది.