ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఇచ్చిన వేతనాలు

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) పేరు వినగానే మనకు దీపం సంఘటన గుర్తొస్తుంది. ప్రభుత్వ పని ముగియగానే బైతుల్‌మాల్ సొమ్ముతో వెలిగే దీపాన్ని ఆర్పి, సొంత దీపం వెలిగించుకున్న ఖలీఫా ఆయన. ఈ సంఘటనను మేము కూడా ఎన్నో ప్రసంగాల్లో వినిపించాము. అయితే ఆయన జీవితంలోని మరో కోణం మన మస్జిదుల్లో అంతగా వినబడదు.

ఆయన తల్లి హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) మనవరాలు. ఉమయ్యా రాజవంశంలో సిరిసంపదల మధ్య పెరిగారు. ఖరీదైన బట్టలన్నా, అత్తరన్నా ఎంతో ఇష్టం. హిజ్రీ 99 (క్రీ.శ. 717)లో ఖిలాఫత్ బాధ్యత మీద పడగానే అవన్నీ వదిలేశారు. ఆయన భార్య ఫాతిమా ఒక ఖలీఫా కుమార్తె. ఆమె నగలు సైతం బైతుల్‌మాల్‌కు చేరాయి.

ఇంత నిరాడంబరంగా బ్రతికిన ఖలీఫా తన అధికారులకు నెలకు 100 దీనార్లు, కొందరికి 200 దీనార్లు ఇచ్చేవారు. దీనారు అంటే 4 గ్రాములకు పైబడిన బంగారు నాణెం! ఇంటి అవసరాలు తీరితేనే వారి మనసు ప్రజల పని మీద నిలుస్తుందని ఆయన భావించారు. మీ ఇంటివారికి కూడా అలాగే ఇవ్వవచ్చు కదా అని కొందరు అడిగారు. ఇంటివారి హక్కును తాను ఆపడం లేదని, ఇతరుల హక్కును మాత్రం వారికి ఇవ్వలేనని ఆయన చెప్పారు. ప్రజలచేత వెట్టిచాకిరీ చేయించరాదని గవర్నర్లను ఆదేశించారు.

సంపాదన మానుకొని మస్జిదులో ధర్మవిద్యకే అంకితమైన వారికి తలా 100 దీనార్లు ఇవ్వమని హిమ్స్ గవర్నరుకు ఉత్తరం రాశారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇమామ్ సాహెబ్ జీతం పెంచమంటే మన కమిటీ పెద్దలు కొందరు ఈ ఖలీఫా నిరాడంబరతనే గుర్తుచేస్తారు. దుకాణంలో పనిచేసే కుర్రాడికి కూడా అదే పాఠం చెబుతారు. కాని ఆయన పొదుపు చేసింది తన ఇంట్లో, పనివాడి కంచంలో కాదు.

ఎడారి తెగలకు ధర్మం నేర్పడానికి ఆయన ఇద్దరు పండితులను పంపి, భత్యం నిర్ణయించారు. ఒకరు తీసుకున్నారు, మరొకరు వద్దన్నారు. వద్దన్న వారివంటి వారిని అల్లాహ్ అధికం చేయాలని ఖలీఫా దుఆ చేశారు. తీసుకున్న వారిలో మాత్రం ఏ తప్పూ ఎంచలేదు. హిజ్రీ 101 (క్రీ.శ. 720)లో, సుమారు 40 ఏళ్ళ వయసులో, సిరియాలోని దైర్ సిమ్‌ఆన్‌లో ఆయన కన్నుమూశారు. అధికారంలో ఉన్నది రెండున్నరేళ్ళే. తర్వాత ఖలీఫా అయిన సోదరుడు నగలు తిరిగి ఇస్తానన్నా ఫాతిమా తీసుకోలేదు.