చిన్న తెరేజమ్మ ఇంట్లో తాతగారు

గులాబీలు చేతబట్టిన చిన్న తెరేజమ్మ పటం మీ ఇంటి గోడమీద కూడా ఉండే ఉంటుంది. ఆమె తల్లిదండ్రులైన లూయి మార్టిన్, జేలీ దంపతులను ఫ్రాన్సిస్ పోపుగారు 2015 అక్టోబరు 18న పునీతులుగా ప్రకటించారు. భార్యాభర్తలను జంటగా, ఒకేసారి పునీతుల వరుసలో చేర్చడం అదే మొదలు. ఆ మాట విన్నప్పుడు మనకు ఏ చీకూచింతా లేని ఇల్లొకటి కళ్లముందు మెదులుతుంది. వారి కన్నవారి సంగతి తెలిస్తే ఆ ఊహ నిలువదు.

జేలీ 1831లో ఫ్రాన్సు దేశపు నార్మండీ ప్రాంతంలో జన్మించింది. తండ్రి ఇసిడోర్ గెరెన్ నెపోలియన్ సేనలో సిపాయిగా పనిచేసి, తర్వాత పోలీసు కొలువు చేసినవాడు. మంచివాడే, కాని మాట కరుకు, తన మాటే చెల్లాలనే పట్టు ఎక్కువ. తల్లి లూయీజ్ మాసే భక్తురాలు. ఆ భక్తిలో భయమే గాని లాలన లేదు. ఇద్దరు ఆడపిల్లలపై కాఠిన్యమంతా చూపి, ఆఖరివాడైన కొడుకును మాత్రం నెత్తిన పెట్టుకుంది. జేలీకి ఆడుకోవడానికి ఒక బొమ్మయినా కొనిపెట్టలేదు. 1844లో కుటుంబం అలాన్సోన్ పట్టణానికి చేరాక ఆ తల్లి ఒక కాఫీ హోటలు నడపబోయి, తన కటువైన స్వభావంవల్లనే వచ్చేవారిని పోగొట్టుకుని మూసివేసింది.

జేలీ ఈ సంగతులను దాచిపెట్టలేదు. పెరిగి పెద్దయ్యాక తమ్ముడికి రాసిన ఉత్తరంలో తన బాల్యం శవంపై కప్పే గుడ్డవలె విషాదంగా గడిచిందని, తన మనసు ఎంతో నలిగిందని రాసుకుంది. ఆమె ఉత్తరాలు రెండు వందలకు పైగా నేడు మనకు మిగిలాయి. తల్లిదండ్రులను గౌరవించుమన్న నాల్గవ ఆజ్ఞ జరిగిన దానిని జరగలేదని చెప్పమనదు. ఇక్కడ మనలో చాలామంది పొరబడతారు.

కన్యస్త్రీ కావాలని వెళ్లిన జేలీని మఠాధికారిణి చేర్చుకోలేదు. ఆమె అలాన్సోన్ ప్రసిద్ధమైన లేసు పని నేర్చి, సొంతంగా వ్యాపారం పెట్టి, పలువురికి పని చూపింది. లేసు పని నేర్చేచోట ఆమెను గమనించిన లూయి తల్లి ఈ పిల్లయితే తన కొడుక్కి తగునని తలచింది. లూయి గడియారాలు బాగుచేసే వృత్తివాడు, మితభాషి. 1858 జూలై 13న, అర్ధరాత్రి వేళ, ఆ ఊరి దేవమాత దేవాలయంలో వారి వివాహం జరిగింది. ఏడాది గడిచీ గడవక, 1859 సెప్టెంబరులో జేలీ తల్లి మరణించింది. తల్లీకూతుళ్ల మధ్య తేలని లెక్క అలాగే ఉండిపోయింది.

అత్తమామలు నివసించిన ఇంట్లోనే జేలీ కాపురం. 1865లో మామగారు పోయినప్పుడు ఆమెకు కలిగిన దుఃఖం ఆమెకే ఆశ్చర్యం. ఆ మాట తమ్ముడికి రాసింది. పుట్టింట దొరకని ఆప్యాయత కొంత అక్కడ దొరికి ఉంటుందని నా ఊహ.

అసలు పరీక్ష 1866లో వచ్చింది. ఎనభైకి దగ్గరపడిన తండ్రిని ఆ దంపతులు తమ ఇంటికి తెచ్చుకున్నారు. వయసుతో ఆయన చిరాకు పెరిగిందేగాని తగ్గలేదు. ఇల్లు చూస్తే చంటిపిల్లలు, లేసు పని ఒత్తిడి, అప్పటికే రొమ్ములో గడ్డ ఉన్నట్లు జేలీకి తెలుసు. ఇలాంటి ఇంట అల్లుడు ఏమనాలి? మీ నాన్న, మీ గొడవ అనడం ఎంత తేలిక! లూయి ఆ మాట అనలేదు. మామగారిని ఓర్పుతో భరించాడు. నూటికి ఒక్కడైనా మామ విషయంలో ఇంత మంచిగా ఉండడని జేలీ తమ్ముడికి రాసింది. భార్యకు పుట్టింటినుంచి వచ్చిన బరువును భర్త తన భుజానికి ఎత్తుకున్నాడు. వివాహపు మాటపట్టులో మనం తరచు మరచే భాగమిది.

ఆ ఏళ్లలోనే ఆ ఇంట పుట్టిన ఇద్దరు మగబిడ్డలు చనిపోయారు. రెండవవాడు 1868 ఆగస్టు 24న పోయాడు. పదిరోజులు తిరిగేసరికి, సెప్టెంబరు 3న, ముసలి తండ్రీ కన్నుమూశాడు. బొమ్మకు నోచుకోని ఆ కూతురు ఆ తండ్రికోసం మనసారా ఏడ్చింది.

అయితే జేలీ అన్నింటా గెలిచిందని చెప్పలేను. మూడవ కూతురు లియోనీ మొండిది, చదువు అంటదు. ఆమెను ఎలా దిద్దాలో తల్లికి తోచలేదు. ఇంట్లో ఏళ్లతరబడి పనిచేసిన మనిషి ఆ పిల్లను చాటుగా బెదిరించి, తన గుప్పిట పెట్టుకున్నదన్న సంగతి 1877లో పెద్దకూతురు మరీ కనిపెట్టేదాకా జేలీకి తెలియనే లేదు. కాఠిన్యంలో పెరిగి, అది తన పిల్లల దరికి రారాదని కోరుకున్న తల్లి ఇంట్లోనే ఇది జరిగింది! జేలీ కుమిలిపోయింది. ఆ పనిమనిషి ఇక లియోనీతో మాట్లాడరాదని కట్టడి చేసి, బిడ్డను తన దగ్గరకు తీసుకుంది.

అప్పటికి క్యాన్సరు ముదిరిపోయింది. ఆగస్టు 28న జేలీ మరణించింది. ఆరు నెలలు కూడా లేని ఆ వ్యవధిలో లియోనీ తల్లిని విడిచి ఉండలేకపోయేది. మూడుసార్లు మఠంలో చేరి వెనక్కు వచ్చిన ఆ పిల్లే చివరకు కాన్ పట్టణంలోని మఠంలో నిలదొక్కుకుని, 1941లో కన్యస్త్రీగా కన్నుమూసింది.