కార్ల్ సాగన్: 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి భూమి ఫొటో.. ఆ చిన్న చుక్కలోనే బతుకు విలువ చూపించిన శాస్త్రవేత్త

రాత్రి డాబా మీద పడుకుని ఆకాశం వైపు చూస్తే ఎవరికైనా ఒక డౌట్ వస్తుంది. ఇన్ని నక్షత్రాల మధ్య మనమెంత? మన ఈఎంఐలు, పరీక్షలు, పెళ్లిళ్లు, గొడవలు.. వీటన్నిటికీ అసలు అర్థం ఉందా? ఈ ప్రశ్నతోనే జీవితమంతా గడిపిన వ్యక్తి అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్. ఆయన కన్నుమూసి పాతికేళ్లు దాటింది. కానీ ఆయన పట్టుబట్టి తీయించిన ఒక ఫొటో ఇప్పటికీ జనాన్ని ఆలోచింపజేస్తూనే ఉంది.

నక్షత్రాల పుస్తకం అడిగితే..

1934 నవంబర్ 9న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సాగన్ పుట్టారు. తండ్రి వలస వచ్చి బట్టల పరిశ్రమలో పనిచేసే కార్మికుడు. ఇంట్లో సైన్స్ చదివినవాళ్లు లేరు. నక్షత్రాలంటే ఏంటని చిన్నప్పుడు అడిగితే ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. దాంతో లైబ్రరీకి వెళ్లి స్టార్స్ గురించి పుస్తకం ఇవ్వమన్నాడు. లైబ్రేరియన్ సినిమా స్టార్ల పుస్తకం చేతిలో పెట్టారు! తర్వాత అసలు పుస్తకం దొరికింది. మన సూర్యుడు కూడా ఒక నక్షత్రమేనని, మిగతావి చాలా దూరంలో ఉండటం వల్లే చిన్న చుక్కల్లా కనిపిస్తాయని అందులో చదివాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లాడి ప్రపంచమే మారిపోయింది.

చికాగో యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, తర్వాత కార్నెల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. నాసా గ్రహయాత్రల్లో పనిచేశారు. 1980లో వచ్చిన 13 ఎపిసోడ్ల టీవీ సిరీస్ కాస్మోస్‌తో ఇంటింటికీ పరిచయమయ్యారు.

అంతరిక్షంలోకి తెలుగు పలకరింపు

1977లో నాసా రెండు వాయేజర్ నౌకలను ప్రయోగించింది. ఎప్పుడైనా, ఎవరికైనా దొరికితే భూమి గురించి తెలియాలని వాటిలో బంగారు పూత పూసిన రాగి రికార్డులు పెట్టారు. వాటిలో ఏముండాలో తేల్చిన బృందానికి సాగనే సారథి. 55 భాషల్లో పలకరింపులు రికార్డ్ చేశారు. అందులో మన తెలుగు కూడా ఉంది. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా వెళ్లింది.

ఆ రికార్డులో ఇంకో విశేషం ఉంది. ఆ ప్రాజెక్టులో పనిచేసిన ఆన్ డ్రూయన్ మెదడు తరంగాలను, గుండె చప్పుడును కూడా అందులో చేర్చారు. అంతకు కొన్ని రోజుల ముందే సాగన్, ఆన్ ఫోన్‌లో పెళ్లి నిర్ణయం తీసుకున్నారు. అంటే ప్రేమలో ఉన్న ఒక మనిషి గుండె చప్పుడు ఇప్పుడు నక్షత్రాల మధ్య ప్రయాణిస్తోందన్నమాట.

ఆ ఫొటో దాదాపు తీయలేదు!

శని గ్రహం దాటాక వాయేజర్ 1ని వెనక్కి తిప్పి భూమి ఫొటో తీద్దామని సాగన్ అడిగారు. దానివల్ల సైన్స్‌కి పెద్దగా ఉపయోగం లేదని కొందరన్నారు. సూర్యుడి వైపు తిప్పితే కెమెరా పాడవుతుందన్న భయం కూడా ఉంది. ఏళ్ల తరబడి వాయిదా పడింది. ఆయన మాత్రం వదల్లేదు.

చివరికి 1990 ఫిబ్రవరి 14న, దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి ఆ ఫొటో తీశారు. అందులో భూమి సైజు ఒక పిక్సెల్ కంటే తక్కువ. సూర్యకాంతి చారలో వేలాడే నలుసులా కనిపించింది. ఆ వరుసలో 60 ఫొటోలు తీశాక వాయేజర్ 1 కెమెరాలను ఆపేశారు. మళ్లీ ఆన్ చేయలేదు.

చిన్నవాళ్లమే.. అయితే ఏంటి?

ఆ ఫొటో చూస్తే చాలామందికి నిరాశ రావచ్చు. సాగన్ దాన్ని ఇంకోలా చూశారు. చరిత్రలో రాజులు, యుద్ధాలు, మన అమ్మానాన్నలు, మనం ప్రేమించినవాళ్లు.. అందరూ బతికింది ఆ నలుసు మీదే. మనల్ని కాపాడటానికి బయటి నుంచి ఎవరైనా వస్తారన్న సూచన ఎక్కడా లేదు. కాబట్టి ఒకరినొకరు చూసుకోవాల్సింది, ఈ నేలను కాపాడుకోవాల్సింది మనమే. విశ్వం మనకి అర్థాన్ని రెడీమేడ్‌గా ఇవ్వదు, దాన్ని మన ధైర్యంతో, మన ప్రశ్నలతో మనమే తయారు చేసుకోవాలన్నది ఆయన నమ్మకం.

ఇది మాటలతో ఆగలేదు. అణుయుద్ధం జరిగితే పొగ, మసి సూర్యకాంతిని అడ్డుకుని భూమి చల్లబడుతుందని 1983లో సహ శాస్త్రవేత్తలతో కలిసి హెచ్చరించారు. నెవాడాలో అణు పరీక్షలకు వ్యతిరేకంగా నిరసనకు దిగి అరెస్టయ్యారు కూడా.

చివరి రోజుల్లోనూ అదే మాట

ఆ ఫొటో పేరుతోనే 1994లో పుస్తకం రాశారు. కొద్ది కాలానికే ఎముక మజ్జకు సంబంధించిన అరుదైన జబ్బు బయటపడింది. చెల్లెలు ఇచ్చిన మజ్జతో చికిత్స జరిగింది. చనిపోయాక ఇంకో జీవితం ఉందనడానికి ఆధారం లేదనే ఆయన చివరిదాకా అనుకున్నారు. అందుకే భార్యాపిల్లలతో గడిపే ప్రతి రోజూ ఆయనకి మరింత విలువైనదైంది. 1996 డిసెంబర్ 20న న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి వయసు 62 ఏళ్లే.

సైజుతో కొలిస్తే మనిషి ఏమీ కాదు. కానీ జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన రాత్రంతా మేల్కొన్న తల్లి ప్రేమని ఎవరూ కిలోమీటర్లలో కొలవరు కదా! సాగన్ జీవితం చెప్పేది కూడా ఇదే.

వాయేజర్ 1 2012లో నక్షత్రాల మధ్య ప్రాంతంలోకి అడుగుపెట్టింది. తెలుగు పలకరింపును, ఆ గుండె చప్పుడును మోసుకుంటూ ఇంకా ముందుకు వెళ్తూనే ఉంది.