గానుగ లాగిన వకీలు

మాది ఒట్టపిడారం అంటే చాలు, అందరూ పక్కనున్న పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన పేరే ఎత్తుతారు. 1872లో మా ఊళ్ళోనే పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్ళైగారు మాత్రం గుర్తు రారు. ఆయన మీద 1961లో బి.ఆర్. పంతులు తీసిన 'కప్పలోట్టియ తమిళన్' మొన్న ఇంట్లో మళ్ళీ చూశాం. శివాజీ గణేశన్ గానుగ లాగుతుంటే మా అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అది కట్టుకథ కాదు. 1906లో తెల్లవాళ్ళ కంపెనీకి పోటీగా తూత్తుకుడి నుంచి కొలంబోకు స్వదేశీ ఓడలు నడిపిన మనిషికి, 1908లో రాజద్రోహం కింద రెండు యావజ్జీవ శిక్షలు వేశారు. కోయంబత్తూరు జైల్లో ఎద్దుకు బదులు ఆయన్ని గానుగకు కట్టారు. ఆ బతుకులోనే జేమ్స్ అలెన్ పుస్తకాన్ని తమిళంలోకి తెచ్చారు, పద్యాల్లో తన కథ మొదలుపెట్టారు. ఎలా రాయగలిగారో!

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తరవాతి కాలం. అప్పీల్లో శిక్ష తగ్గి 1912 చివర బయటికొచ్చేసరికి ఓడలు లేవు, వకీలు సన్నదూ లేదు. మద్రాసులో చిన్నపాటి వ్యాపారాలతో ఇల్లు గడిపారు. చివరికి సన్నదు తిరిగి ఇప్పించింది వాలేస్ అనే ఒక తెల్ల జడ్జి. ఆ కృతజ్ఞతతో కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. 1936లో తూత్తుకుడిలోనే కన్నుమూశారు.