లలిత సంగీతానికి బాట వేసిన సాలూరి రాజేశ్వరరావు

మన తరంలో రేడియో ముందు కూర్చుని మల్లీశ్వరి పాటలు వినని వారు అరుదు. వాటిని పాడిన ఘంటసాల, భానుమతి గార్ల పేర్లు ఇంటిల్లిపాదికీ తెలుసు. బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు గారి పేరు మాత్రం ఈనాటి పిల్లలకు అంతగా తెలియదు. ఫైలు రాసింది గుమాస్తా అయినా, గుర్తుండేది సంతకం చేసిన అధికారి పేరే కదా!

రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించారు. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు. సంగీతం ఇంట్లోనే అబ్బింది. చిన్ననాడే గ్రామఫోను రికార్డులకు పాడారు. 1935లో శ్రీకృష్ణ లీలలు చిత్రంలో బాలకృష్ణుడిగా నటించి పేరు తెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో నాటకాలకు మైకు లేదు. చివరి వరుస వారికి వినబడాలంటే గొంతెత్తి రాగం తీయవలసిందే. మైకు, రికార్డింగు యంత్రాలు వచ్చాక మెల్లగా పాడినా వినబడే వీలు కలిగింది. కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్ గార్లు ఆ వీలును చక్కగా వాడుకున్నారు. రాజేశ్వరరావు గారు కలకత్తా వెళ్ళి వారి పద్ధతిని దగ్గరుండి గమనించారు. తిరిగి వచ్చి అదే మార్గాన్ని తెలుగు పాటకు తెచ్చారు. రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో తేలిక మాటలు, మృదువైన గొంతు, రాగఛాయ చెడని బాణీ అమర్చారు. శాస్త్రీయ సంగీతం నేర్వని వారు కూడా ఆ పాటలను కూనిరాగం తీయగలిగారు. రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి ఆయన పాడిన గీతాలకు మంచి ఆదరణ లభించింది. 1940లో ఇల్లాలు చిత్రానికి సంగీతం కూర్చి, అందులో నటించారు కూడా.

తరువాత మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేశారు. 1948 నాటి చంద్రలేఖలో పాశ్చాత్య వాద్యాలను ధారాళంగా వాడారు. మల్లీశ్వరి 1951లో, విప్రనారాయణ 1954లో, మిస్సమ్మ 1955లో వచ్చాయి. వాద్యాలు ఎన్ని చేరినా పాటలోని మాట మరుగున పడనివ్వలేదు. మిస్సమ్మను 1957లో హిందీలో మిస్ మేరీగా తీసినప్పుడు, సంగీత దర్శకులు హేమంత్ కుమార్ గారు బృందావనం పాటకు రాజేశ్వరరావు గారి బాణీనే ఉంచారు.

ఆయనకు ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1992కు గాను రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 1999 అక్టోబరులో కన్నుమూశారు. కుమారులు వాసూరావు, కోటి గార్లు కూడా సంగీత దర్శకులయ్యారు.

ధర్మపురిలోని మన ఇళ్ళలో మనవలు ఇప్పుడు సెల్‌ఫోనులోనే ఏ పాటనైనా వింటున్నారు. వారికి మల్లీశ్వరి పాట ఒకటి పెట్టమని చెప్పండి. విన్నాక బాణీ ఎవరు కట్టారో కూడా చెప్పండి.